ఎర్రసిరా

జనవరి వచ్చిందంటే మా తొమ్మిదో తరగతి గదినిండా పచ్చి పొగాకు వాసన. పిల్లలు తెల్లారకముందే లేచి బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టి, ఆ చేతుల్తోనే బడికొచ్చేవాళ్లు. ఆకు జిగురు వేళ్లకు పట్టి నల్లగా పెచ్చుకట్టి ఉండేది. సబ్బుకు పోయేది కాదు. నోటుబుక్కుల అంచుల మీద ఆ వేళ్ల గుర్తులు. దిద్దడానికి ఇంటికి తెచ్చిన కట్ట విప్పితే మా అద్దె గది కూడా అదే వాసన వేసేది.

నెల్లూరు జిల్లా మెట్టన, కలిగిరి వైపు ఓ జిల్లా పరిషత్ హైస్కూలు అది. 1992. నేను తెలుగు పండితుడిగా చేరి మూడో ఏడు నడుస్తోంది. ఇరవై తొమ్మిదేళ్ల వయసు. తిరుపతిలో ఎమ్మే చదివేటప్పుడు రాసుకున్న నోట్సు అట్టపెట్టెలో భద్రంగా తెచ్చుకున్నాను. అందులో వాస్తవికత, సహజవాదం అని రెండు శీర్షికలు, కింద గీతలు కొట్టి. మూడోది కూడా ఉండేది. పసితనం నుంచి పెద్దరికం దాకా ఒక మనిషి ఎలా ఎదిగాడో చెప్పే నవలలు. దానికి తెలుగులో సరైన మాట దొరక్క 'ఎదిగే నవల' అని నేనే పేరు పెట్టుకున్నాను. ఈ మూడూ పిల్లలకు చెప్పి తీరాలని పట్టుదల. పరీక్షలో రావు. అయినా శనివారం చివరి పీరియడు లైబ్రరీది, దాన్ని అడిగేవాళ్లెవరూ లేరు.

మొదట మాలపల్లి తీసుకెళ్లాను. ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైల్లో కూర్చుని రాశారనీ, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిందనీ చెబితే పిల్లలకు ఆసక్తి పుడుతుందనుకున్నాను. పుస్తకం పేరు పలికీ పలకకముందే ముందు బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. వెనక బెంచీలో ఇద్దరు తల దించుకున్నారు. వాళ్లుండే చోటుకు ఊళ్లో అదే పేరు, దాన్ని పలికే తీరు వేరు. నేనది గమనించి కూడా ఆగలేదు, చదువుకుంటూ పోయాను. ఆ ఇద్దరి మొహాలు ఇప్పుడు గుర్తు లేవు. ఒకడి నూనె రాసిన తల, నడినెత్తి మీది సుడి మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంది.

కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' మాత్రం నిలబడింది. రెండు నెలల శనివారాలు పట్టింది. కథానాయకుడు సుందరం అక్షరాభ్యాసం దగ్గర ఆగి, మీలో ఎంతమందికి పళ్లెంలో బియ్యం పోసి దిద్దించారని అడిగాను. చేతులు నాలుగో అయిదో లేచాయి. మిగతావాళ్లది పలకా బలపమే. సుందరంది వేరే కాలం, వేరే కులం, వేరే రకం ఇల్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి చదువులు, ఆ తర్వాత డిగ్రీ ఉన్నా కొలువు దొరకని రోజులు. ఈ పిల్లలకు అందదేమోనని నా భయం. ఒకమ్మాయి లేచి, "పరీక్షంటే కడుపులో నొప్పి రావడం ఒకటే కద సార్" అంది. ఆ మాటతో నవల మెట్టలోకి వచ్చేసింది. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామను నడిపించింది ఈయనే అని చెప్పాక వెనక బెంచీ కూడా ముందుకు వంగింది. మా బడి బీరువాలో చందమామలు చినిగిపోయేదాకా చదివింది వాళ్లే.

ఆ ఊపులోనే ఒక పని ఇచ్చాను. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా మీ ఇంట్లో జరిగింది రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయాలి. కల్పన వద్దు, ఉపమానాలు వద్దు. వాస్తవికత అంటే ఇదే అని బల్ల గుద్ది మరీ చెప్పాను.

కిటికీ పక్క రెండో బెంచీలో ఒకడు కూర్చునేవాడు. వాడి పేరు రాయను. సన్నగా, పొడుగ్గా, చొక్కాకు పై గుండీ లేక పిన్నీసుతో ఉండేవాడు. ఒకటిన్నర పేజీ రాశాడు. అందులో మూడు వాక్యాలే గుర్తున్నాయి నాకు. 'మా నాయన రెండు పాకెట్లు తాగొచ్చినాడు. మా యమ్మ సంగటి కుండ దాచిపెట్టింది. కుండ కోసం ఎతికినాడు, దొరకలే, దీపం తన్నినాడు.'

ఆ రాత్రి లాంతరు ముందు కూర్చుని నేను ఎర్రసిరాతో దిద్దాను. 'మా నాయన' కొట్టేసి 'మా నాన్నగారు'. 'తాగొచ్చినాడు' కొట్టేసి 'మద్యం సేవించి వచ్చారు'. 'సంగటి కుండ' కొట్టేసి 'అన్నపు పాత్ర'. పక్కన మార్జిన్లో 'భాషాదోషాలు. శ్రద్ధ అవసరం' అని రాసి పదికి నాలుగు వేశాను. దిద్దింది దిద్దినట్టు మళ్లీ రాసుకు రమ్మన్నాను.

అంతకు వారం ముందే అదే గదిలో గురజాడ నాటకం గురించి గంటసేపు మాట్లాడాను. గిరీశం మాట గిరీశందే, మధురవాణి మాట మధురవాణిదే, అగ్నిహోత్రావధానులు నోరు విప్పితే అగ్నిహోత్రావధానులే కనిపిస్తాడు, 1892లో తొలిసారి ఆడిన నాటకం ఇవాళ్టికీ బతికుందంటే ఆ నోటిమాట వల్లే అన్నాను. పిల్లలు రాసుకున్నారు కూడా. ఆ పాఠం చెప్పిన నోరూ, ఈ పేజీ దిద్దిన చెయ్యీ ఒకే మనిషివని నాకు ఆనాడు తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ ఇంట్లో కుండ ఎందుకు దాచాల్సి వచ్చిందో కూడా నేను అడగలేదు. తాగొచ్చిన మనిషి అన్నం కుండ తన్నితే ఆ పూట పిల్లలకు పస్తే అని చాలా ఏళ్ల తర్వాత మా ఆవిడ చెబితే తెలిసింది.

వాడు బుద్ధిగా తిరగరాసుకొచ్చాడు. 'మా నాన్నగారు మద్యం సేవించి వచ్చారు.' గుండ్రటి అక్షరాలు. ఈసారి ఎనిమిది వేశాను.

వానాకాలం నాటికి వాళ్లు పదో తరగతి. వాస్తవికత అయింది గనక సహజవాదం అందుకున్నాను. ఎమిల్ జోలా ఒకే కుటుంబం మీద 20 నవలలు రాశాడనీ, ఆ వంశంలో తరం నుంచి తరానికి తాగుడూ పిచ్చీ ఎలా దిగుతాయో చూపించాలని పూనుకున్నాడనీ మొదలుపెట్టి, 1877లో వచ్చిన 'లసొమ్వార్' కథ నోటితోనే చెప్పాను. ఇళ్లకప్పుల మీద జింకు రేకులు వేసే కూపో. మంచివాడే. కింద నుంచి చిన్నకూతురు పిలిస్తే అటు తిరిగి జారిపడ్డాడు. కాలు విరిగి మంచాన పడ్డాడు. ఆ ఖాళీలో సారా అలవాటైంది. చాకిరీ చేసి బట్టలుతికే కొట్టు పెట్టుకున్న అతని భార్య జెర్వేజ్ చివరికి తనూ అందులోనే మునిగి, మెట్ల కింద గూట్లో ఆకలితో చచ్చిపోయింది. చెబుతుంటే గదిలో చప్పుడు లేదు. బాగా చెబుతున్నానని లోపల గర్వం. బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను: వంశం, పరిసరాలు, కాలం. ఈ మూడూ కలిసి మనిషిని తయారుచేస్తాయి, మనిషి చేతిలో ఏమీ లేదని ఈ రచయితల నమ్మకం అన్నాను.

కిటికీ పక్క నుంచి వాడు లేచి నిలబడ్డాడు. "అయితే నేను గూడా తాగుబోతునే అవతానా సార్?"

ఎవరో నవ్వారు. తర్వాత ఆగిపోయారు.

నేనేమన్నానో కచ్చితంగా చెప్పలేను. "ఇది నవల గురించిరా, నీ గురించి కాదు, కూర్చో" అన్నట్టు గుర్తు. వెంటనే బెల్లు కొట్టినట్టు కూడా గుర్తు. ఆ బెల్లు నిజంగా మోగిందో, ఇన్నేళ్లలో నాకు నేనే మోగించుకున్నానో తెలియదు. వాడి మొహం ఎలా ఉందో ఎంత వెతికినా దొరకదు. పిన్నీసు మాత్రం కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే రాత్రిపూట మా వీధి చివర పంచాయతీ అరుగు మీద ఆడవాళ్లకు చదువు చెప్పేవారు. అక్షరాస్యత ఉద్యమం జిల్లా అంతా నడుస్తోంది. మా ఆవిడ రోజూ వెళ్లి చెప్పొచ్చేది. ఆ వాచకాల్లో 'ఆడవాళ్లు ఏకమైతే' అని ఒక పాఠం ఉంది. మాకు దగ్గర్లోని దూబగుంటలో ఆడవాళ్లంతా కలిసి సారా అంగడి మూయించిన సంగతి అది. కూలికి పోయొచ్చి, పిల్లలకు ఇంత పెట్టి వచ్చినవాళ్లు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివారట. చదవడం అయ్యాక ఒకామె, "ఇది కతా, జరిగిందా?" అని అడిగిందట. జరిగింది, ఫలానా ఊళ్లో, ఫలానావాళ్లు అని మా ఆవిడ చెప్పింది. "అట్టయితే మనకేం రోగం?" అందట ఆమె.

మా ఆవిడ ఇంటికొచ్చి నవ్వుతూ చెబుతుంటే నేను అన్నం ముందు కూర్చుని ఉన్నాను. ముద్ద నోటిదాకా పోలేదు.

తర్వాత జరిగింది చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. నేను చూసింది ఒక్క పొద్దుటిపూట మాత్రమే. పాకెట్ల బస్తాలేసుకుని జీపొచ్చి బడి ఎదురుగా చింతచెట్టు కింద ఆగింది. ప్రభుత్వమే సారాను పాకెట్లలో పోసి ఊరూరికీ చేరవేస్తున్న కాలం. ఆ పథకం పేరు వారుణి వాహిని. చీపుర్లు పట్టుకున్నవాళ్లు, కారప్పొడి కొంగున కట్టుకున్నవాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు వచ్చి జీపు చుట్టూ కూర్చున్నారు. పెద్దగా అరుపులు కూడా లేవు. ఒకామె సంగటి కెలికే తెడ్డు చేత్తో పట్టుకునే వచ్చింది, పొయ్యి మీద నుంచి దించి అట్లాగే లేచొచ్చినట్టు. ఇంకొకామె బస్తా లాగి కొడవలితో పాకెట్లు ఒక్కొక్కటే కోసింది. సారా దుమ్ములో పారింది. ఆ ఘాటు మా గదిలోకి వచ్చింది.

పిల్లలంతా కిటికీలకు అతుక్కుపోయారు. ప్రభుత్వోద్యోగిని, రేపు ఎవరేమంటారో అని నాకు భయం. కిటికీ తలుపులు వేయమన్నాను. ఇన్ని నెలలుగా ఉన్నది ఉన్నట్టు చూడండి, ఉన్నది ఉన్నట్టు రాయండి అని చెప్పినవాణ్ణి, తలుపులు వేయమన్నాను. ఆ కిటికీ వాడి పక్కనే. వాడు ఒక రెక్క వేశాడు. రెండోది తెరిచే ఉంచి నా వైపు చూశాడు. నేను బోర్డు వైపు తిరిగాను. తెడ్డుతో వచ్చినామె వాడి తల్లి అని సాయంత్రం ఎవరో అన్నారు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. వాడు అప్పటికే పదో తరగతి పాసై బడి దాటిపోయాడు. ఆ నవంబరులో రావిశాస్త్రిగారు పోయారు. కొత్త పిల్లలకు ఆయన 'ఆరు సారా కథలు' నుంచి ఒకటి చదివాను. చదువుతూ చదువుతూ రెండో బెంచీ వైపు చూశాను, అక్కడ వేరేవాడెవడో ఉన్నాడు. 1995లో మద్యనిషేధం పూర్తిగా వచ్చింది, 1997లో సడలించారు. ఇప్పుడు ఆ చింతచెట్టు దగ్గర ఏముందో నేను వెళ్లి చూడలేదు. వాడు లారీ మీద క్లీనరుగా వెళ్లాడని ఒకరు, కావలిలో చదువుతున్నాడని ఒకరు అన్నారు. రెంటిలో ఏది నిజమో కనుక్కోవడానికి పెద్దగా ప్రయత్నం కూడా చేయలేదు నేను.

చాలా కాలం తర్వాత హైదరాబాదులో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద జోలా 'జెర్మినాల్' ఇంగ్లిషు ప్రతి దొరికింది. కొనుక్కొచ్చి చదువుతుంటే, గనుల్లో పనికి వచ్చిన ఎతియెన్ ఎవరో కాదు, జెర్వేజ్ కొడుకే. ఆ తాగుబోతుల ఇంటివాడే. తన నెత్తుట్లో ఏముందో వాడికి తెలుసు. రెండు చుక్కలు పడితే మనిషిని చంపాలనిపిస్తుందని భయపడుతూ తిరుగుతాడు. ఆ భయం వట్టిది కాదు, ఒకచోట చేతులారా ఒకణ్ణి చంపుతాడు కూడా. అయినా వాడే కూలీలందర్నీ కూడగట్టి సమ్మెకు దింపుతాడు. ఓడిపోయి చివరి పేజీల్లో వసంతకాలపు ఉదయాన దారి పట్టి నడిచిపోతాడు. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఒరే, ఆ కథ అక్కడితో అయిపోలేదురా, ఆమెకో కొడుకున్నాడు, వాడి సంగతి నాకు అప్పుడు తెలియదు అని వాడికి చెప్పాలనిపించింది. ఎక్కడికి వెళ్లి చెప్పను? సగం చదివి పూర్తి పాఠం చెప్పాను ఆ రోజు.

1994లో నాకు బదిలీ అయింది. వెళ్లేముందు స్టోరు గదిలో పాత నోటుబుక్కులు తూకానికి వేస్తుంటే వాడిది కనిపించింది. తొమ్మిదో తరగతి వ్యాసాల పుస్తకం. తీసి సంచిలో పెట్టుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో గుండ్రటి అక్షరాల శుద్ధప్రతి ఉంది, నా ఎనిమిది మార్కులున్నాయి. దాని ముందు ఉండాల్సిన పేజీ లేదు. వాడే చించుకున్నాడో, ఇంట్లో ఎవరైనా దేనికైనా వాడారో. కుట్టు దగ్గర వేలెడు వెడల్పున కాగితం అంచు మిగిలింది. దాని మీద అక్షరాలేమీ లేవు, కింది మూల నల్లటి వేలిగుర్తు ఒకటి ఉంది.