శక్తి మారకపోతే రైలు వేగం పెరుగుతుందా?

బదిలీల మీద తిరిగే మనకి రైలు కొత్త కాదు. జోర్హాట్ నుంచి జామ్‌నగర్ దాకా సామాను కట్టి, విప్పి, మళ్లీ కట్టినవాళ్లం మేము. అయినా రైలు వేగం ఎలా పుంజుకుంటుందో తీరిగ్గా ఆలోచించింది నిరుడే. అదీ తెలుగు పీరియడ్‌లో.

తొమ్మిదో తరగతిలో ఇద్దరికి మాటామాటా వచ్చింది. భోపాల్‌లో హిందీ మీడియం చదివి వచ్చిన అబ్బాయి, ఇంజను శక్తి మారకుండా లాగుతూ ఉంటే రైలు వేగం పెరుగుతూనే ఉంటుందన్నాడు. తెనాలిలో తాతగారి దగ్గర తెలుగు సైన్సు పుస్తకం తిరగేసిన అమ్మాయి, రైలు శక్తి మారకపోతే వేగం ఎలా పెరుగుతుందంది. క్లాసు నవ్వింది. అబ్బాయి ముఖం చిన్నబోయింది. ఈ బడిలో వాడు నోరు విప్పిన మొదటి వారం అది.

నిజానికి ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. హిందీ సైన్సు పుస్తకంలో శక్తి అంటే పవర్. ఎనర్జీని ఊర్జా అంటారు. తెలుగులో శక్తి అంటే ఎనర్జీ. పవర్‌ని సామర్థ్యం అంటాం. మాటలకీ బదిలీలుంటాయి కాబోలు, ఊరు మారితే ఉద్యోగం మారిపోతుంది!

మాట తేలాక, లెక్క కోసం ఫిజిక్స్ సార్‌ని పిలిచాం. సామర్థ్యం అంటే ఒక్క సెకనులో అందించే శక్తి. రైలు ఇంజనుతో సహా 1,200 టన్నులు, చక్రాలకి అందే సామర్థ్యం 40 లక్షల వాట్లు అనుకున్నాం. గాలినీ రాపిడినీ పక్కన పెట్టాం. గంటకి 36 కిలోమీటర్ల వేగం రావడానికి 15 సెకన్లు. మరి 72కి? "ముప్ఫై!" అని క్లాసంతా అరిచింది. కాదు, 60. ఇక 108కి 135. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల శక్తి కావాలి. సామర్థ్యం మారదు కనుక నాలుగు రెట్ల సమయం పడుతుంది. సామర్థ్యాన్ని వేగంతో భాగిస్తే లాగే బలం వస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ బలం తగ్గుతుంది, త్వరణమూ తగ్గుతుంది. ఇంజను అలసిపోయి కాదు.

"అయితే వేగం సున్నా ఉన్నప్పుడు బలం ఎంత సార్?" అని అడిగింది ఆ భోపాల్ అబ్బాయే. ఈసారి ఎవరూ నవ్వలేదు. భాగహారం ప్రకారం అంతులేనంత రావాలి. కానీ అంత బలం వేస్తే చక్రం పట్టా మీద జారి, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే బయలుదేరేటప్పుడు ఇంజను బలానికి హద్దు ఉంటుంది. చక్రం జారుతుంటే పట్టా మీద ఇసుక కూడా వదులుతారు. కొంత వేగం అందుకున్నాకే స్థిర సామర్థ్యం లెక్క వర్తిస్తుంది. అంటే మనం వేసుకున్న 15 సెకన్లు నిజం రైలుకి చాలవు. ప్లాట్‌ఫారం మీద చెయ్యి ఊపే స్నేహితులు మనకి ఇంకాసేపు కనబడతారు.

ఈ సెలవుల్లో కిటికీ సీటు దొరికితే కిలోమీటరు రాళ్ల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 100 అయితే వేగం 36, 50 అయితే 72, 33 అయితే దాదాపు 108. ఒక్కో వేగం అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఊళ్లో తాతగారికి చెప్పేటప్పుడు మాత్రం సామర్థ్యం అనండి.