మా మేనల్లుడి టిఫిన్ బండి

ముప్ఫై ఏళ్ళు నల్లగొండలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. నా లెక్క తప్పిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అనే ధైర్యం క్లాసులో ఎవరికుంటుంది గనుక! అలాంటి నేను వేసిన లెక్క ఒకటి తప్పిందనీ, ఆ తప్పు మా అక్క కొడుకు ప్రాణం మీదికి తెచ్చిందనీ ఒప్పుకోవలసి వస్తోంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి కొత్తగా పోయే పరువేమీ లేదు.

మావాడు డిగ్రీ అయ్యాక హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం వెలగబెట్టాడు. వచ్చిన జీతం గది అద్దెకూ బస్సు చార్జీలకూ చాలక తిరిగి వచ్చేశాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా? పాత వ్యాను కొంటానన్నాడు. పక్క రేకు కోసి కిటికీ పెట్టిస్తాడట. లోపల రెండు పొయ్యిలు, ఒక పెద్ద పెనం. పొద్దున గడియారం సెంటరు దగ్గర ఇడ్లీ, దోసె; సాయంత్రం మిర్చిబజ్జీ; జాతరల రోజుల్లో చెర్వుగట్టు, కురుమూర్తి. అక్క మెడలో పుస్తెలతాడు తప్ప మిగిలిన బంగారమంతా బాంకులో పెట్టింది. నేను హామీ సంతకం చేశాను.

"సంతకం పెట్టినవారు బండి లోపలికి కూడా ఒకసారి తొంగిచూస్తే బాగుంటుంది" అంది మా ఆవిడ.

చూశాను. అక్కడే వచ్చింది చిక్కంతా.

బండిలో సిలిండర్లు పెట్టుకోవడానికి చోటు లేదు. పందొమ్మిది కిలోల వ్యాపారపు సిలిండర్లు రెండు, వాటికి తోడు అక్క ఇంటి ఎర్ర సిలిండరు ఒకటి. ఆ ఎర్రదానికి ఒక కథ ఉంది. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు మహిళా సంఘం తరఫున అక్కకు కనెక్షను దొరికింది. మొదటి నెలంతా సిలిండరుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక మూల నిలబెట్టి, తాను మాత్రం కట్టెల పొయ్యి మీదే వండుకుంది. అది పేలుతుందని భయం! మేమంతా నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ భయంలోనే కాస్త తెలివి ఉందనిపిస్తోంది.

సరే, నేను టేపు తీసుకుని కొలిచాను. పొయ్యిల వెనక ఉన్న బల్ల కింద నిలబెడితే ఒక్కటీ పట్టదు. పడుకోబెడితే మూడూ పడతాయి. కాగితం మీద బొమ్మ గీసి, పొడవు, వ్యాసం వేసి మరీ చూపించాను.

"నీ లెక్కంటే లెక్కే మామా!" అన్నాడు మావాడు. నేను మీసం దువ్వుకున్నాను.

కార్తీకం వచ్చింది. దీపావళి వెళ్ళగానే కురుమూర్తి జాతర. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరి, అక్కణ్ణుంచి దేవరకద్ర వైపు పోవాలి. నేనూ బయలుదేరాను. మాతో గిన్నెలు కడిగి, పిండి రుబ్బే పెద్దమ్మ ఒకావిడ. కల్వకుర్తి దాటేసరికి రాత్రి పది దాటింది. రోడ్డు పక్క చింతచెట్టు కింద బండి ఆపాం. చలిగా ఉందని కిటికీ రేకు దించేశాం. నేను ముందు సీట్లో, మావాడు వెనక నేల మీద చాప వేసుకుని పడుకున్నాం. పెద్దమ్మ చెంబు తీసుకుని చెట్టు వెనక్కు వెళ్ళింది.

తిరిగొచ్చి వెనక తలుపు తీసి, గడప దగ్గరే ఆగిపోయింది. అలికిడికి మావాడు లేచి, లైటు వేద్దామని చెయ్యి చాపాడు.

"లైటు ముట్టకు బిడ్డా! బయటికి రా, ముందు బయటికి రా!" అని ఒక్క కేక పెట్టింది.

ఆ కేకకు నేను ముందు సీట్లోంచి దిగానో, పడ్డానో ఇప్పటికీ తెలియదు. పట్నంలో పెద్దమ్మ పాచిపని చేసిన ఇంట్లో ఒకసారి ఇలాంటి వాసనే వచ్చిందట, ఎవరో స్విచ్చి నొక్కారట. అంతకు మించి ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. మావాడికి వాసనే తెలియలేదు. పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడ్డ ముక్కు అది!

తలుపులన్నీ బార్లా తీసి, దూరంగా జొన్నచేను గట్టున అరగంట కూర్చున్నాం. గాలి ఆడాక మావాడు వెళ్ళి రెగ్యులేటరు కట్టి, సిలిండరును బయటికి దొర్లించుకొచ్చాడు. దాని మూతి దగ్గర తెల్లగా మంచు పట్టి ఉంది. రెగ్యులేటరు తీయకుండానే, కట్టకుండానే నల్లగొండ నుంచి బయలుదేరామన్నమాట. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా పడుకున్న సిలిండరు దొర్లి, ఆ మూతిని బల్ల కాలికేసి కొడుతూ వచ్చింది.

మర్నాడు జడ్చర్లలో గ్యాసు పని తెలిసిన మెకానిక్కు ఒకడు చూసి, "పడుకోబెట్టిందెవరు సార్?" అని అడిగాడు. నేను ఆకాశం కేసి చూశాను.

అతను చెప్పిన సంగతి చిన్నదే. సిలిండరులో గ్యాసు ద్రవంగా ఉంటుంది. నిలబెడితే పైన ఆవిరి, కింద ద్రవం. పడుకోబెడితే ద్రవం మూతి దగ్గరికి వస్తుంది. కారితే ద్రవమే కారుతుంది. కారిన ద్రవం దాదాపు రెండు వందల యాభై రెట్లు ఆవిరిగా ఉబ్బుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు గనుక పైకి పోదు, నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. మావాడు చాప వేసుకుంది ఎక్కడ? నేల మీదే కదా!

ఇంటికొచ్చాక నేను మళ్ళీ లెక్క వేశాను. ఈసారి ఎవరూ అడగలేదు. బండి లోపల గాలి ఎనిమిది, తొమ్మిది ఘనమీటర్లు. అందులో రెండు పాళ్ళు గ్యాసు కలిస్తే నిప్పురవ్వకు అంటుకుంటుంది. దానికి అరకిలో గ్యాసు కూడా అక్కరలేదు! మేము పందొమ్మిది కిలోలవి రెండు పెట్టుకుని తిరిగాం. ఆ కాగితం మా ఆవిడ చూసి, ఏమీ అనకుండా మడిచి తన బీరువాలో పెట్టుకుంది. అనడమే నయం.

తర్వాత వారం రోజులు బండి రోడ్డెక్కలేదు. బాంకు వాయిదా నేను కట్టాను. వెల్డింగు షాపులో బండి వెనక బయటికి ఇనుప పెట్టె ఒకటి కట్టించాం. దానికీ వంట గదికీ మధ్య సందు లేని రేకు. గొట్టం పోయే రంధ్రం చుట్టూ కూడా బిగించాం. పెట్టె తలుపు బయటికే తెరుచుకుంటుంది. అడుగున రంధ్రాలు, కారినా కిందికి, బయటికి పోవాలి. సైలెన్సరుకు, బ్యాటరీకి ఎడంగా ఉంది. రెండు సిలిండర్లే, నిటారుగా, నడుముకు ఒకటి, భుజానికి ఒకటి ఇనుప పట్టీలు. మన ఎండల్లో రేకు కాలిపోతుంది కాబట్టి పైన మరో రేకు నీడగా వేయించాం. మూడోది పెట్టడానికి మావాడు ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు, నేను వినను.

బండి కదిలేముందు రెగ్యులేటరు తీసి, మూతి మీద టోపీ బిగించాలి. గొట్టానికి సబ్బు నురుగు రాసి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. సిలిండరు మెడ దగ్గరి పలక మీద "బి-28" లాంటి అక్షరాలుంటాయి, గమనించారా? ఏ అంటే మార్చి వరకు, బి అంటే జూన్ వరకు, సి సెప్టెంబరు, డి డిసెంబరు, అంకె సంవత్సరం. ఆ గడువు దాటినది పుచ్చుకోకూడదు. ఇన్నేళ్ళు ఇంట్లో వాడుతూ ఆ పలక చదవని లెక్కల మాస్టర్ని నేనే! వాసన వస్తే పిలవవలసిన 1906 అంకె బండి తలుపు మీద రంగుతో రాయించాం. బండికి దూరంగా వచ్చాకే ఫోను తీయాలని దాని కింద ఇంకో వాక్యం కూడా.

ఎర్ర సిలిండరు అక్క ఇంటికి తిరిగి వెళ్ళింది. ఇంటి గ్యాసు వ్యాపారానికి వాడటం నిబంధనలకు విరుద్ధం. అది నాకు ముందే తెలుసు, తెలిసీ ఊరుకున్నాను. "దాన్ని ఎందుకు తెచ్చినవ్ రా?" అని అక్క అడిగితే, "బరువెక్కువైంది" అన్నాడు మావాడు. కల్వకుర్తి రాత్రి సంగతి ఆవిడకు చెప్పకూడదని మేమిద్దరం ఒట్టు పెట్టుకున్నాం. మూడో రోజుకు పెద్దమ్మ చెప్పేసింది.

అక్క నన్ను ఒక్క మాటా అనలేదు. పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని వచ్చి, కొత్త ఇనుప పెట్టెకు బొట్టు పెట్టింది. తర్వాత తలుపు తీసి, లోపల రెండూ నిలబడే ఉన్నాయా అని తొంగిచూసి, పట్టీలు చేత్తో లాగి చూసుకుంది.

పెట్టెకు తాళం వేయాలా వద్దా అని నాకూ మావాడికీ చాలా రోజులు వాదన జరిగింది. దొంగల భయం వాడిది. అవసరానికి తాళంచెవి దొరకదని నా భయం. చివరికి పొయ్యి వెలుగుతున్నంతసేపు గొళ్ళెమే, రాత్రికి తాళం అని తేలింది. ఆ తాళంచెవి పెద్దమ్మ కొంగున ఉంటుంది. పొద్దున ఆవిడ వచ్చి, తలుపు తీసి, ఒకసారి వంగి వాసన చూసి, "ఊఁ" అన్న తర్వాతే మావాడు అగ్గిపెట్టె తీస్తాడు.