అరవై అశ్వాలు, రెండు తలుపులు

2003 జూన్‌లో మారుతి ఉద్యోగ్ వాటాలు ఒక్కొక్కటి రూ.125 ధరకు ప్రజల ముందుకు వచ్చాయి. అంతకు ఏడాది ముందే వాజ్‌పేయి ప్రభుత్వం రూ.1,000 కోట్ల ప్రీమియం పుచ్చుకుని ఆ సంస్థపై పెత్తనాన్ని సుజుకీకి అప్పగించింది. పెట్టుబడుల ఉపసంహరణ శాఖ అరుణ్ శౌరి చేతిలో ఉన్న రోజులవి. ప్రభుత్వ రంగం భవిష్యత్తు ఏమిటన్న చర్చ దేశమంతటా సాగుతుండగా, అదే సంవత్సరం ఆ సంస్థ చేసిన ఒక చిన్న పనిని రాజకీయ వ్యాఖ్యాతలు పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన అవసరమూ కనిపించలేదు. తన జెన్ కారుకు వెనక తలుపులు రెండూ తీసివేసి, కూపే పోలికలు గల ఒక పరిమిత శ్రేణిని అది విడుదల చేసింది. నల్లది జెన్ కార్బన్, వెండి రంగుది జెన్ స్టీల్. ఒక్కొక్కటి 300 చొప్పున మొత్తం 600 కార్లు.

ఇంజిన్ జోలికి మాత్రం పోలేదు. వీధిలో తిరిగే మామూలు జెన్‌లో ఉన్న 993 సీసీ, నాలుగు సిలిండర్ల యంత్రమే ఇందులోనూ ఉంది. దాని శక్తి 60 అశ్వాలు. బయటి రూపం చూసి పరుగు పందెం ఊహించుకున్నవారికి నిరాశే మిగిలింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని నవ్వినవారికీ కొదవలేదు.

ఆ ఆరు వందలలో ఒకటి హైదరాబాద్‌లో నీటిపారుదల శాఖ నుంచి పదవీ విరమణ చేసిన ఒక ఇంజినీరు ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఉంది. కొన్ననాడు ఆయన యాభైకి దగ్గరపడుతున్న మనిషి. దాదాపు అదే ధరకో, ఇంకొంచెం కలిపితేనో అంతకంటే బలమైన కార్లు దొరికేవని ఆయనకు తెలియకపోలేదు. ఫియట్ పాలియో 1.6 శక్తి 100 అశ్వాలు. సచిన్ టెండూల్కర్ దానికి ప్రచారకర్త. ఫోర్డ్ ఐకాన్ 1.6ను జోష్ మెషిన్ అని ప్రకటనల్లో చాటేవారు. హోండా సిటీ వీటెక్ 106 అశ్వశక్తితో ఆ తరం కుర్రకారు కలల్లో పరుగెత్తేది. వీటి పక్కన నిలబెడితే జెన్ కార్బన్ బలహీనుడే. ఆ మాటను ఆయన ఏనాడూ కాదనలేదు. ఆయన వాదమల్లా ఒక్కటే: శక్తిని విడిగా లెక్కపెట్టడం సగం లెక్క మాత్రమే, ఆ శక్తి మోయవలసిన బరువెంతో కూడా చెప్పాలి.

లెక్క వేసి చూస్తే ఆయన మాటలో నిజముంది. జెన్ బరువు ఎనిమిది వందల కిలోల లోపే. అంటే టన్నుకు సుమారు 78 అశ్వశక్తి. టన్ను దాటిన పాలియోకు ఆ లెక్క వందకు లోపే ఉంటుంది. కాగితం మీద నలభై అశ్వాల తేడా రోడ్డు మీదకు వచ్చేసరికి సగానికి పడిపోతుంది. మెహిదీపట్నం నుంచి లక్డీకాపూల్ దాకా సాగే ట్రాఫిక్‌లో ఆ మిగిలిన సగమూ ఆవిరవుతుంది. రెండో గేరులో చటుక్కున అందుకునే తేలికైన కారు, మూడున్నర మీటర్ల పొడవు, ఇరుకు మలుపులో ఒక్క పట్టుకు తిరిగే చక్రం నగరవాసికి ప్రతిరోజూ అక్కరకు వచ్చేవి. నూరు అశ్వాలు పూర్తిగా అక్కరకు వచ్చే క్షణాలు ఏడాదికి ఎన్ని?

అయితే ఆ క్షణాలు లేకపోలేదు. విజయవాడ రహదారి మీద లారీని దాటవలసి వచ్చినప్పుడు ఏసీ కట్టేసి, గేరు తగ్గించి, ఎదురుగా వచ్చే వాహనం దూరాన్ని రెండుసార్లు అంచనా కట్టుకున్నాకే ఆయన ముందుకు కదులుతారు. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో నలుగురిని ఎక్కించుకుని వెళితే, వెనక నుంచి వచ్చే ప్రతి కొత్త కారుకూ దారి ఇవ్వవలసిందే. కొడుకు నడిపే కారులోనూ ఇంజిన్ ఒక లీటరుదే, కానీ టర్బో తగిలించడంతో అది 120 అశ్వశక్తిని ఇస్తుంది. అందులో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. జెన్‌లో ఒక్కటీ లేదు. “నాన్నా, హైవే మీదకు మాత్రం దీన్ని తీయకండి” అని కొడుకు అన్నప్పుడు ఆయన ఎదురు చెప్పలేదు. రెండేళ్లుగా దూరప్రయాణాలు కొడుకు కారులోనే సాగుతున్నాయి. మమకారం లెక్కను మార్చదని ఇంజినీరుకు ఒకరు చెప్పవలసిన పని లేదు.

రెండు తలుపుల కారు ఈ దేశంలో ఎందుకు నిలదొక్కుకోలేదన్న ప్రశ్నకు ఇంజిన్ కంటే సమాజమే మెరుగైన జవాబు చెబుతుంది. ఇక్కడ కారులో గౌరవస్థానం వెనక సీటు. మంత్రి కూర్చునేది అక్కడ, కలెక్టరు కూర్చునేది అక్కడ, పెళ్లికొడుకు కూర్చునేదీ అక్కడే. తెల్ల అంబాసిడర్ అధికార చిహ్నమైంది దాని ఇంజిన్ వల్ల కాదు, విశాలమైన వెనక సీటు వల్ల. వెనక తలుపు ఉందంటే దాన్ని తెరిచి పట్టుకునే మనిషి ఒకడు ఉన్నాడని అర్థం. ఆ తలుపే లేని కారు, యజమానే నడుపుకుంటాడని బాహాటంగా ప్రకటిస్తుంది. శాఖలో చీఫ్ ఇంజినీరు హోదాకు చేరిన మనిషి ఇలాంటి బండిలో దిగడం కార్యాలయంలో కొందరికి వింతగా తోచింది, మరికొందరికి నామోషీగా కూడా అనిపించింది.

దానికి ఇంట్లో చెల్లించిన మూల్యం వేరు. ముందు సీటు వంచి, నడుము వంచి, వెనకకు దూరవలసిన ప్రయాణం ఆయన తల్లికి ప్రతిసారీ ఒక పరీక్షే అయ్యేది. చివరి సంవత్సరాల్లో ఆమె ముందు సీట్లోనే కూర్చునేవారు, కోడలు వెనకకు మారింది. పెద్దావిడకు ముందు నుంచి రోడ్డును చూడటం నచ్చింది. కోడలికి వెనకకు దూరడం నచ్చలేదు, ఈనాటికీ నచ్చదు. స్పోర్టీ కారు సొగసు నడిపేవాడిది, ఇబ్బంది మిగతావారిది అని ఆమె అనే మాటకు ఆయన దగ్గర సమాధానం లేదు.

ఇక ఆ బలమైన ప్రత్యర్థుల సంగతి. 106 అశ్వాల వీటెక్ సిటీ స్థానంలో అదే 2003లో హోండా తెచ్చిన కొత్త సిటీ శక్తి 77 అశ్వాలు. బలం తగ్గించి మైలేజీ పెంచిన ఆ నిర్ణయాన్ని అభిమానులు తిట్టుకున్నారు, కొనుగోలుదారులు ఆదరించారు. పాలియో 1.6 పెట్రోలు దాహానికి పేరుపడింది. ఫియట్ అమ్మకాలు క్షీణించాక విడిభాగాల వేట యజమానులకు నిత్యకృత్యమైంది. ఫోర్డ్ 2021లో భారత్‌లో కార్ల తయారీ మానుకుంటున్నట్లు ప్రకటించింది. బలవంతులు ఒకరొకరుగా రంగం వీడారు. అరవై అశ్వాల బండి మాత్రం ఇంకా తిరుగుతోంది.

దాని దీర్ఘాయువుకు కారణం అది పరిమిత శ్రేణిది కావడం కాదు. లోపల అది అతి సాధారణమైన జెన్ కావడమే. క్లచ్ ప్లేటు, బ్రేక్ షూలు, రేడియేటర్ గొట్టం, కార్బన్‌కు వేరు, జెన్‌కు వేరు కావు. లక్షల సంఖ్యలో అమ్ముడైన కారు గనుక రాణిగంజ్‌లో అడిగితే వస్తువు చేతికందుతుంది, ఏ వీధి షెడ్డులోనైనా దాన్ని బిగించగల మెకానిక్ దొరుకుతాడు. ఆ 600 కార్లకు ఊపిరి పోసింది ఆ లక్షలాది మామూలు కార్లే. విశిష్టుడు బతికేది సామాన్యుడి చలవతోనని రాజకీయాల్లో ఉపన్యాసాలు వినిపిస్తాయి. ఇక్కడ అది మరమ్మతు బిల్లుల్లో కనిపిస్తుంది.

ఈ విడిభాగాల వ్యవస్థ తనంతట తాను మొలవలేదు. సంజయ్ గాంధీ 1971లో స్థాపించిన మారుతి లిమిటెడ్ ఒక్క కారునైనా జనానికి అందించలేక మూతపడింది. 1981లో ప్రభుత్వ సంస్థగా మారుతి ఉద్యోగ్ పుట్టింది, 1982లో సుజుకీతో ఒప్పందం కుదిరింది. సంస్థతో పాటు దేశీయ విడిభాగాల పరిశ్రమ కూడా పెరగాలన్నది ఆనాటి పట్టుదల. 1997లో ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడిని మేనేజింగ్ డైరెక్టరుగా ప్రభుత్వం నియమించినప్పుడు సుజుకీ అభ్యంతరం చెప్పి అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 1998లో రాజీ కుదిరింది. 2007 నాటికి ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది. పెత్తనం ఎవరిదన్న తగవు పాతికేళ్లు నడిచినా, వీధి చివరి దుకాణానికి క్లచ్ ప్లేటు చేరడం ఆగలేదు. ఒక సంస్థ బలాన్ని కొలవడానికి ఇది కూడా ఒక కొలబద్దే.

రాజ్యం దగ్గర ఉన్న కొలబద్దలు వేరు. 2006 బడ్జెట్‌లో చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. నాలుగు మీటర్లకు మించని పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీకి మించని ఇంజిన్ ఉంటే అది చిన్న కారు. ఆ గీతకు లోబడేలా డిక్కీలు కత్తిరించిన సెడాన్లు ఆ తర్వాత రోడ్ల మీదకు వచ్చాయి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మార్చినప్పుడూ చిన్న కారుకు 18 శాతం, పెద్ద కారుకు 40 శాతం అంటూ అదే తరహా గీతను నిలిపారు. పొడవు, సీసీ, పుట్టిన సంవత్సరం టేపుతోనో కాగితంతోనో తేలిపోతాయి గనుక పాలకులకు సులభం. బరువు ఎంత, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఎలా సంరక్షించారు అన్నవి తేల్చాలంటే పరీక్షించే యంత్రాంగం కావాలి.

హైదరాబాద్‌లో పదిహేనేళ్లు నిండిన కారుకు ఫిట్‌నెస్ చూపించి, హరిత పన్ను కట్టి, ఐదేళ్లకోసారి ఆర్‌సీ పొడిగించుకోవచ్చు. ఆ ఇంజినీరు 2018లోనూ, 2023లోనూ అదే చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం రూ.10,000 చేసింది కనుక 2028లో ఆయన కట్టవలసింది అంతకు ముందుకంటే రెట్టింపు. అదే కారు ఢిల్లీలో ఉండి ఉంటే 2018తో దాని ఆయుష్షు తీరేది. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయపరిచింది. 2025 జులైలో అలాంటి వాహనాలకు బంకుల్లో ఇంధనమే పోయరాదన్న ఉత్తర్వు అమలుకు దిగి, కొద్ది రోజుల్లోనే వెనక్కు తగ్గింది.

ఢిల్లీ శీతకాలపు గాలి పీల్చినవారెవరూ ఆ ఆదేశాన్ని పిచ్చి పని అనరు. పాత ఇంజిన్ కిలోమీటరుకు వదిలే విషం నేటి ఇంజిన్ వదిలేదానికంటే ఎక్కువన్నది నిజం. ప్రాణాలతో ముడిపడిన విషయంలో పాత బండి మీది ప్రేమకు మినహాయింపు అడగడం సబబు కాదు. అయితే వారానికి నలభై కిలోమీటర్లు తిరిగే ఎనిమిది వందల కిలోల బండినీ, రోజూ వంద కిలోమీటర్లు తిరిగే రెండు టన్నుల కొత్త ఎస్‌యూవీనీ జన్మసంవత్సరం ఒక్కటి చూసి వేరు చేసే న్యాయం అసంపూర్ణం. వయసు అనుమానానికి ఆధారం కావచ్చు. తీర్పుకు పరీక్ష జరగాలి. పరీక్షా కేంద్రాలు పెట్టే కష్టం తప్పించుకోవడానికి తేదీని అడ్డుపెట్టుకునే పరిపాలన, కార్ల దగ్గర మాత్రమే ఆగే అలవాటు కాదు. పింఛన్ల జాబితాల నుంచి ఓటర్ల జాబితాల దాకా ఎక్కడైనా, విచారించవలసిన చోట గడువు రాసి చేతులు దులుపుకోవడమే దాని తీరు.

ఆయనకు ఇప్పుడున్న భయం ఇంజిన్ గురించి కాదు, తలుపు గురించి. మూడు తలుపుల కారుకు పక్క తలుపు మామూలు జెన్ తలుపు కంటే పొడుగు. దాన్ని పోలిన తలుపులు ఉన్నవి ఆ 600 కార్లకే. సూపర్‌మార్కెట్ ముందు ఎవరో రివర్స్ చేస్తూ ఒక్క గట్టి దెబ్బ వేస్తే, లక్షలాది జెన్‌లు కలిసినా ఆ లోటు పూడ్చలేవు. అందుకే బండిని ఎప్పుడూ గోడ పక్కన, అందరికంటే దూరంగా నిలుపుతారు. సామాన్యతే దాని బలం, విశిష్టతే దాని బలహీనత అన్న సంగతి ఆయనకు షోరూములో ఎవరూ చెప్పలేదు.

నిరుడు ఒక నల్ల తలుపు దొరికింది. ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో, గడువు తీరి అక్కడికి చేరిన ఒక జెన్ కార్బన్ నుంచి విప్పినది. లారీ పార్సిలులో వచ్చిన ఆ తలుపు మీద ఒక్క సొట్ట లేదు, అంచుల్లో తుప్పు లేదు, అద్దం మెత్తగా పైకీ కిందికీ జారుతోంది. ఆ కారును చూసుకున్న మనిషి ఎవరోగాని ఎంతో శ్రద్ధగా చూసుకున్నాడని ఆయన భార్యతో అన్నారు. తలుపును పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టారు.