ట్రంకుపెట్టె

నాన్నగారు గతించిన మరుసటి సంవత్సరం, 1986 జూన్‌లో, చెల్లీ నేనూ ఒకే ఒక ట్రంకుపెట్టెతో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు చేరాము. నాకు పదహారేళ్ళు, దానికి పన్నెండు. మా చదువులు సాగడానికి మేనత్త ఇల్లు తప్ప వేరే ఆధారం లేదు.

కోనసీమలో మా పెరటి వెనుకనే కాలువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి నీటిని కొలిచి వాడుకునే అలవాటు మావాళ్ళకు లేదు. (వేసవిలో కాలువలు కట్టివేస్తారు, అది వేరే సంగతి.) చిక్కడపల్లిలోని అత్తయ్య ఇంట్లో కుళాయి రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున ఒక గంటసేపే వచ్చేది. 1908 నాటి మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు పెరిగిన నగరానికి చాలడం లేదని మామయ్య అనేవారు. ఆ మాట మమ్మల్ని ఉద్దేశించినదేనని నాకు తోచేది. అయిదుగురున్న ఇంటికి మేమిద్దరం అదనం కదా! అత్తయ్య ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉండేది. ఎవరూ లేపకముందే లేచి బిందెలు నింపేదాన్ని. స్నానానికి ఇద్దరికీ కలిపి ఒక్క బక్కెట్టు.

ఆగస్టులో ఒకనాడు చెల్లి చేయి జారి నిండు బిందె వంటింట్లో దొర్లిపోయింది. అది ఏడవలేదు. గోడకు అంటుకుపోయి, “అక్కా, మనల్ని పంపించేస్తారా?” అని అడిగింది.

గుమ్మంలో నిలిచిన అత్తయ్య ఆ మాట విన్నది. చీపురందుకొని నీటిని పెరటివైపు ఊడుస్తూ, “కనకాంబరాలకు నీళ్ళు పోసి నాలుగు రోజులైంది. ఇటు తొయ్యండర్రా!” అన్నది.

ఆ సాయంత్రం ఆమె మంచం కింది ట్రంకుపెట్టెను బయటికి లాగి, మా బట్టలన్నీ తన బీరువాలోని ఒక అరలో సర్దింది. రెండు నెలలుగా మేము ఆ పెట్టెలోనుండే బట్టలు తీసి కట్టుకుంటున్నామని ఆమె గమనించినట్లు నాకు అప్పుడే తెలిసింది.