రెండో తాళంచెవి

బాసర గుడి దగ్గర సత్రం గది. కిటికీ తెరిస్తే గోదావరి గాలి. పొద్దున్నే అమ్మాయిని ట్రిపుల్ ఐటీ హాస్టల్లో దింపి వచ్చాం. పదో తరగతి దాటీ దాటగానే ఆరేళ్ల చదువు. ట్రంకుపెట్టె రెండో తాళంచెవి నా కొంగుముడిలోనే ఉండిపోయింది.

పన్నెండేళ్ల కిందట ఇదే ఊళ్లో, సరస్వతమ్మ సన్నిధిలో, దాని చిట్టి వేళ్లు పట్టుకుని పలక మీద తొలి అక్షరం దిద్దించాను. ఆ రాత్రి ఇలాంటి గదిలోనే, బలపం గుప్పిట్లో పెట్టుకుని నా పక్కన నిద్రపోయింది.

"రాత్రి బండికి వెళ్లిపోదామా?" అన్నారాయన. వద్దన్నాను.

బిడ్డను దింపిన రాత్రి అమ్మానాన్నలు ఎక్కడుండాలి? పిలిస్తే పలికేంత దగ్గర. వెనక్కి తిరిగి చూస్తే కనబడనంత దూరం.

పిలుపు రాలేదు. తెల్లవారి గుడిగంట మోగింది. తాళంచెవిని మళ్లీ కొంగున ముడేసుకున్నాను.