కఱవుసీమలో ద్రాక్షతీగె

అనంతపురసీమ యనగానే కఱవు జ్ఞప్తికి వచ్చును. పుట్టపర్తి యనగానే ప్రశాంతినిలయము జ్ఞప్తికి వచ్చును. ఈ రెంటి నడుమ ద్రాక్షపండును దలచువారు మిక్కిలి యరుదు. మేము ఫిబ్రవరి మాసమున బెంగుళూరు నుండి పుట్టపర్తికి బస్సులో బోవుచుండగా, చిక్కబళ్ళాపుర ప్రాంతమున బాట కిరువైపుల ఱాతికంబములపై నల్లిన ద్రాక్షపందిళ్లు కనులపండువుగా నుండెను. బాగేపల్లి దాటి ఆంధ్రదేశపు టెల్లలో బ్రవేశించునప్పటికి పందిళ్లు పలుచబడి, వేరుసెనగ తీసిన బీళ్లును, గుండ్రాళ్ల గుట్టలును, తుమ్మచెట్లును మొదలాయెను. నేల రంగు మాఱలేదు. అక్కడను ఎఱ్ఱమన్నే, ఇక్కడను ఎఱ్ఱమన్నే. మాఱినది నీటి వసతి యొక్కటే.

పుట్టపర్తి చిత్రావతీ తీరమున నున్నది. పూర్వము దీనికి గొల్లపల్లి యని పేరనియు, పుట్టలు పెరిగినందున పుట్టపర్తి యాయెననియు స్థలపురాణము చెప్పుచున్నది. 1926లో సత్యసాయిబాబా జన్మించునప్పటి కిది చిన్న పల్లె. 1950లో ప్రశాంతినిలయము వెలసిన పిమ్మట దేశదేశముల యాత్రికులు రాజొచ్చిరి. 2011లో బాబా పరమపదించిన తరువాతను యాత్రికుల రాక నిలువలేదు. 2022లో అనంతపురము జిల్లాను విభజించినప్పుడు ఈ యూరే శ్రీ సత్యసాయి జిల్లాకు ముఖ్యపట్టణ మాయెను.

ఊరి ప్రక్కనున్న చిత్రావతి మేము చూచిన దినమున ఇసుకతిన్నెయే గాని నది కాదు. చిత్రమేమనగా, ఈ నది పుట్టినది మేము దాటి వచ్చిన ఆ చిక్కబళ్ళాపుర సీమయందే. ద్రాక్షతోటల దేశమున బుట్టి, వేరుసెనగ బీళ్ల నడుమ బ్రవహించి, తుదకు పెన్నలో గలియును. వానకాలమున నాలుగు దినములు పొంగినను, వేసవి వచ్చుసరికి తడి కొఱకు చెలమలు త్రవ్వవలసినదే.

ఈ సీమ కింత యనావృష్టి యేల? నైఋతి గాలులు పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తమ నీటిని చాలవఱకు ఆవలి వైపుననే కురిసివేయును. ఈశాన్య గాలుల వానలు తూర్పు తీరమున మిక్కుటముగా గురిసి, ఇంత దూరము లోనికి వచ్చునప్పటికి సన్నగిల్లును. రెండు ఋతువుల వాకిళ్లకును దూరమైన యిల్లు ఇది. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియును కుదురుగా గురియదు. ఒక వారము కుండపోతగా వచ్చి, పిమ్మట రెండు నెలలు మొగము చాటు చేయును.

ఇట్టిచోట ద్రాక్ష పండునా యని సోదరీమణులు సందేహింపవచ్చును. పండును. బోరుబావి యున్న రైతులు ఈ సీమయందును పందిళ్లు వేసి ద్రాక్ష పండించుచున్నారు. మన దక్షిణదేశపు ద్రాక్షకు శీతకాలపు నిద్ర లేదు. మంచు కురియు దేశములలో తీగె ఆకు రాల్చి నాలుగు నెలలు విశ్రమించును. ఇచ్చట ఏడాది పొడవునను ఎండ కాయుటచే నది మేలుకొనియే యుండును. కావున రైతే కత్తిరతో దానికి ఋతువును గల్పించును. వేసవి యారంభమున నొకసారి కత్తిరించిన కొత్త రెమ్మలు వచ్చును. అక్టోబరు ప్రాంతమున మఱల గత్తిరించిన పూత వచ్చును. ఆ పూతయే వేసవినాటికి గుత్తులై మన యంగళ్లకు వచ్చును.

రకములును పలువిధములు. చిక్కబళ్ళాపుర ప్రాంతమున ప్రసిద్ధమైనది బెంగుళూరు బ్లూ అను నల్లద్రాక్ష. తోలు మందము, లోన గింజలు, నోట వేసికొన్నంతనే గుప్పుమను వాసన. పానకమునకు, జామునకు, వైనునకు ననుకూలము. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. హైదరాబాదు పేరు నిలిపినది అనాబ్-ఎ-షాహీ. పెద్ద పెద్ద గుత్తులతో, లేతపచ్చని పండ్లతో నొప్పు ఈ రకమును పంతొమ్మిదవ శతాబ్దపు తుదిలో మధ్యప్రాచ్యము నుండి హైదరాబాదునకు దెచ్చిరి. మన పాయసములోని గింజలేని కిస్‌మిస్‌ను థాంప్సన్ సీడ్‌లెస్ వంటి రకముల నుండి చేయుదురు. ఈ పందిరి ద్రాక్షల కన్నిటికిని ఎండకాలమున నీరు తప్పినచో గుత్తి నిలువదు.

మేము స్పెయిను దేశమును దలచుటకు కారణము పుట్టపర్తిలో మాకు తటస్థించిన యొక వృద్ధురాలు. ఆమె యాత్రార్థమై వచ్చినది. జన్మస్థలము స్పెయిను నడిమి పీఠభూమియగు లా మాంచా. అనంతపురసీమకును స్పెయినునకును సంబంధము కొత్తది కాదు. బార్సెలోనాలో 1920లో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో భారతదేశమునకు వచ్చి, 1969లో అనంతపురమున స్థిరపడి, గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పి, 2009లో కన్నుమూయువఱకు ఇచ్చటి బీదలకు సేవ చేసెను. నేటికిని ఆ దేశస్థులు ఈ సీమకు వచ్చుచు బోవుచుందురు.

ఆ వృద్ధురాలు చిత్రావతి యిసుకను, బీళ్లను జూచి, "మా యూరును ఇట్లే యుండును, అమ్మా! కాని మా బీళ్లలో ద్రాక్ష యుండును" అనెను. మాకు విస్మయము గలిగినది. పందిరి యెక్కడ, నీరెక్కడ యని యడిగితిమి. పందిరియు లేదు, పూర్వము నీరును పెట్టెడివారు కారని ఆమె బదులు చెప్పెను. తదుపరి ఆ దేశపు ద్రాక్షలను గూర్చి మేము చదివి తెలిసికొన్న విషయములను గూడ జేర్చి యిచ్చట వ్రాయుచున్నాము.

ద్రాక్షతోటల విస్తీర్ణములో స్పెయిను ప్రపంచమున మొదటిది. వైను పరిమాణములో మాత్రము ఇటలీ, ఫ్రాన్సుల వెనుకనుండును. నేల యెక్కువ, రసము తక్కువ. ఈ వ్యత్యాసమునకు ముఖ్యకారణములలో నొకటి అనావృష్టియే. లా మాంచాలో వాన మన యనంతపురముకంటెను తక్కువ. అచ్చటి రైతులు తీగెను పందిరి కెక్కింపక, మోకాలెత్తు పొదగా గత్తిరించి, మొక్కకు మొక్కకు నడుమ మూడు గజముల వఱకు నెడము విడిచెదరు. ప్రతి మొక్కకును విశాలమైన నేల. ఆ నేలలోని తడి యంతయు దానిదే. ఆకులే గుత్తులకు గొడుగు పట్టును. ఇచ్చటి తెల్లద్రాక్షకు ఐరేన్ అని పేరు. విస్తీర్ణములో నిది యొకప్పుడు ప్రపంచమునకంతటికి ప్రథమస్థానమున నుండెను. రుచిలో గొప్పది గాకున్నను దప్పిక కోర్వగలదు. ఆగ్నేయ దిశనున్న హుమియాలో మొనాస్ట్రెల్ అను నల్లద్రాక్షదియు నిదే స్వభావము.

ఉత్తరమున ఎబ్రో నదీతీరమున రియోహా యున్నది. అచ్చట తెంప్రనీయో అను నల్లద్రాక్ష ప్రసిద్ధము. వారి భాషలో తెంప్రానో యనగా పెందలకడ యని యర్థము. ఇతర రకములకంటె ముందుగా బండుటచే నా పేరు వచ్చినది. దీని రసమును పులియబెట్టి, ఓకు కఱ్ఱ పీపాలలో నేండ్లకొలది నిలువయుంచుదురు. నిలువయుంచిన కాలమునుబట్టి క్రియాన్సా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా యని పేర్లు మాఱును. మన యిండ్ల ఆవకాయ జాడికి వలెనే దానికిని వయసు గౌరవము నిచ్చును.

వాయవ్యమున గలీసియా మాత్రము వానలదేశము. అచ్చట మన పందిళ్లవంటి పందిళ్లే, నల్లఱాతి కంబములపై వేసినవి, కలవు. కాని కారణము వేఱు: నేల తడికి గుత్తులు కుళ్లకుండ గాలి యాడుటకై పైకెత్తుదురు. అల్బరీన్యో అను తెల్లద్రాక్ష ఇచ్చటిది. పురుషులు సముద్రముపై చేపలవేటకు బోవ, తోటపని చిరకాలము స్త్రీలే చూచుకొనిరి. నేడును అచ్చట వైను తయారుచేయు నిపుణులలో స్త్రీలు పెక్కుమంది కలరు.

దక్షిణమున హెరెస్ సీమలో సున్నపు తెల్లమన్ను కలదు. పలొమీనో ద్రాక్ష ఇచ్చటిది. కోతలైన పిమ్మట రైతులు మొక్కల వరుసల నడుమ దీర్ఘచతురస్రపు గుంటలు త్రవ్వుదురు. చలికాలపు వాన వాలునబడి పాఱిపోక గుంటలలో నిలిచి యింకును. వసంతమున గుంటలను జదును చేయుదురు. ఎండ ముదిరినప్పుడు పైమన్ను పెచ్చుగట్టి, లోని తడిని మూతవలె గాపాడును. ఆ యొక్క తడితోనే వేసవి గడచును.

అంతకంటె నాశ్చర్యము అట్లాంటిక్ సముద్రములోని లాన్సరోతె ద్వీపము. 1730 మొదలు 1736 వఱకు అగ్నిపర్వతములు పగిలి పొలములను నల్లని బూడిదతో గప్పివేసినవి. అచ్చట వాన సంవత్సరమునకు సుమారు 150 మిల్లీమీటర్లు మాత్రమే. ఊరు విడువవలసిన జనులు బూడిదనే యాధారము చేసికొనిరి. లోతైన గుంట త్రవ్వి, అడుగున దొరకిన మంటిలో నొక్క మల్వసీయా తీగెను నాటి, గాలి వైపున అర్ధచంద్రాకారముగా ఱాతిగోడ పేర్చిరి. నల్లబూడిద లోని తడి యారిపోకుండ గాచి, రాత్రి మంచును గూడ బీల్చి, వేళ్లకందించును. ఒక గుంటకొక్క తీగె; ఆ గుంట దాని బాలింత గది.

మాలగా కొండవాలులలో మస్కటు ద్రాక్షను ఎండబెట్టి కిస్‌మిస్ చేయుదురు. ఇల్లిల్లును, పిల్లలుపెద్దలును గుత్తులను ఎండలో బఱచుట, త్రిప్పుట, తొడిమలు గిల్లుట మొదలగు పనులలో నుందురు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2017లో దీనిని ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. నూతన సంవత్సరాది రాత్రి గడియారము పండ్రెండు కొట్టునప్పుడు, గంటకొకటిగా పండ్రెండు ద్రాక్షపండ్లను దినుట ఆ దేశమున నింటింటి యాచారము. సంవత్సరము శుభముగా గడచునని వారి నమ్మిక. మన యుగాది పచ్చడి వంటిదే.

ఇంతవఱకు వ్రాసినది స్పెయిను విజ్ఞత. ఇక చెప్పవలసినది హెచ్చరిక. ద్రాక్షకు నీరు పెట్టినచో పంట మితిమీరి రసము పలుచనగునని ఆ దేశమున చిరకాలము తోటలకు నీరు పెట్టుట సాధారణముగా నిషిద్ధము. 1996లో ఆ నిషేధమును దొలగించిరి. అంతకు మునుపే లా మాంచాలో మొక్కజొన్న మొదలగు పైరులకై బావులు లోతుగా త్రవ్వి యంత్రములతో నీరు తోడజొచ్చిరి; పిమ్మట ద్రాక్షకును తోడిరి. భూమిలోని నీరు దిగిపోయినది. గ్వాడియానా నదికి జన్మస్థానమైన ఊటలను అచ్చటివారు ఆ నది కన్నులందురు. 1980ల నాటికి ఆ కన్నులు ఎండిపోయినవి. దగ్గఱనున్న దైమియేల్ చిత్తడినేల జాతీయవనము. అదియు నెండి, 2009లో దాని నేలలోని పీచుమన్ను నిప్పంటుకొని లోలోపల గాలినది. తరువాత మంచి వానలు వచ్చి కొంత తేఱుకొన్నను, మొదటి స్థితి మఱల రాలేదు. వేయేండ్ల యోర్పును ముప్పది యేండ్ల మోటారు హరించినది!

మన సీమ కథ వేఱుగా నున్నదా? మా బస్సు కిటికీనుండి చూచిన పందిళ్లలో కొన్ని యెండి, ఱాతికంబములు మాత్రమే నిలిచియుండెను. దారిలో ప్రయాణికులు చెప్పుకొనుచుండిరి: మొదటి బోరు రెండువందల యడుగులు, రెండవది ఆఱువందలు, మూడవది వేయి, నీరు రాకపోయినను అప్పు వచ్చును. ఆ యప్పునకు మొట్టమొదట తాకట్టుపడునది యింటి యిల్లాలి మెడలోని బంగారమని వేఱుగ జెప్పవలెనా? పూర్వులు ఈ సీమలో వాననీటిని చెఱువులలో నిలిపిరి. పుట్టపర్తికి చేరువనున్న బుక్కపట్నపు చెఱువు విజయనగరరాజుల నాటిది. వంక నడ్డగించి, కట్టకట్టి, నీటిని నేలకింకించుట వారి విద్య. 1990లలో సత్యసాయి సంస్థ త్రాగునీటి పథకము నిర్మించి 700కు పైగా గ్రామములకు నీరందించినది. స్త్రీలకు బిందెల మోత కొంత తగ్గినది. కాని త్రాగునీరు వేఱు, సాగునీరు వేఱు. పైరునకు గావలసిన తడి వానదే కావలెను.

మధువును గూర్చి గృహిణుల పత్రికలో వ్రాయుట తగునా యని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. తగిన ప్రశ్నయే. స్పెయినులో భోజనమునందు చిన్న గ్లాసెడు వైను కుటుంబమంతయు గూర్చున్న బల్లపై నుండెడి వస్తువు. మన పల్లెలలో సారాయి యనగా కూలిడబ్బు పోవుట, పిల్లలు పస్తుండుట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుటకు గూడిన స్త్రీలే సారాయి దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారి తీసినది. 1997లో దానిని సడలించినను ఆ స్త్రీల ధైర్యము చెఱగరానిది. కావున మేము వారి పీపాలను మెచ్చి యిది వ్రాయలేదు. పీపాకు ముందున్న తీగెను, తీగెకు ముందున్న గుంటను మెచ్చి వ్రాసితిమి.

ఐరేన్ తీగెను దెచ్చి అనంతపురమున నాటుమని మేము చెప్పుటలేదు. శీతము లేని మన నేలలో నది యేమగునో చెప్పలేము. నేర్వవలసినది పద్ధతి. ఉన్న తడికి దగినంత యెడము విడిచి నాటుట, వాలున బోవు వానను పొలములోనే గుంట త్రవ్వి నిలుపుట, తీసిన నీటిని లెక్కించి తీయుట. పొదుపు మన స్త్రీలకు గొత్త విద్య కాదు. నెల జీతమును వారములుగా విభజించుకొనువారికి, నాలుగు దినముల వానను పండ్రెండు నెలలకు సరిపెట్టుట యేమో తెలియకపోదు. పొలము గలిగిన యిండ్లలో మఱియొక బోరునకై నగలడిగిన నాడు, ముందుగా నొక నీటికుంట త్రవ్వించుడని యడుగ దగిన హక్కు ఇల్లాలికి కలదు.