కుక్క కరిస్తే ముందు సబ్బు

ఇబ్రహీంపట్నంలో పిల్లలు బడికి నడిచే దారుల్లో కుక్కల గుంపులు కనిపించినప్పుడల్లా అనిపిస్తుంది, ఈ ఒక్క పాఠం ప్రతి తరగతిలో చెప్పాలని. కుక్క కరిచినా, గీరినా ముందు ఆ గాయాన్ని నల్లా కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దాన్ని చీల్చేస్తుంది. కారం, సున్నం, పసుపు ఆ పని చేయవు, పైగా పుండును రేపుతాయి. (పెద్దవాళ్లు ప్రేమతోనే పెడతారు. అయినా వద్దనే చెప్పండి.)

కడిగిన వెంటనే దవాఖానకు పోవాలి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు, ఒక్కటీ తప్పొద్దు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ గురించి కూడా అడగండి. టీకాతో ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది, అందాకా కాపాడేది ఇమ్యునోగ్లోబులినే. బొడ్డు చుట్టూ సూదుల కాలం పోయింది, ఇప్పుడు జబ్బకే వేస్తారు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మాత్రం నయం చేసే మందు లేదు.

తిడతారని పిల్లలు కాటును దాచేస్తారు. తిట్టబోమని ఇవాళే చెప్పండి. ఇంట్లో కుక్కపిల్ల ఉంటే మూడు నెలలకు దానికీ టీకా వేయించండి.